‘ఇక్కడేముంది!’ అనే ముందు

చిన్న ఊళ్ళో కాలేజీ సీటొచ్చినవాళ్ళు మొదటి నెల తిరక్కుండానే ఒక మాటకి వచ్చేస్తారు: ‘ఇక్కడేముంది?’ టెక్కలిలో ఇంజినీరింగ్ చదివేవాళ్ళు అంటారు, పలాసలో డిగ్రీ చదివేవాళ్ళూ అంటారు. మాల్ కావాలంటే వైజాగ్ వెళ్ళాలి. మంచి హోటల్ కావాలంటే కనీసం శ్రీకాకుళం పోవాలి. ఆదివారం వస్తే హాస్టల్ మంచం, చేతిలో ఫోను. చదువైపోయి పెట్టె సర్దుకునే రోజున ‘ఇన్నాళ్ళూ ఏం చూశావు?’ అని ఎవరైనా అడిగితే కాలేజీ గేటు, బస్టాండు, రైల్వే స్టేషను తప్ప నాలుగో పేరు రాదు.

ఈ అధ్యాయం వాళ్ళ కోసం రాసింది. ఇందులో చెప్పదలుచుకున్నది ఒక్కటే. చూడ్డానికి ఏమీ లేని ఊరంటూ ఉండదు. అడగడానికేమీ లేకుండా వెళ్ళిన మనిషికి మాత్రం ఏ ఊళ్ళోనూ ఏమీ కనపడదు. వెళ్ళేముందు ఒక ప్రశ్న పట్టుకెళ్ళడం నేర్చుకుంటే వచ్చే విద్య. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఆ విద్య నేర్చుకోవడానికి మంచి చోటు. ఇక్కడ అలవాటైతే రేపు ఉద్యోగం మిమ్మల్ని ఏ ఊళ్ళో పడేసినా పనికొస్తుంది.

ఒక బడిపంతులు చేసిన పని

ఈ చుట్టుపక్కలే ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగానికి చేరిన కుర్రాడి కథతో మొదలుపెడదాం. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరాడు. అప్పటికి ఇంకా ఇరవయ్యేళ్ళు నిండలేదు. పర్లాకిమిడి అప్పుడు కొండల అంచున ఉన్న సంస్థానపు ఊరు. పాఠం చెప్పడం, ఇంటికి రావడం, జీతం తీసుకోవడంతో అక్కడ జన్మంతా గడిపేయొచ్చు.

ఆయన రెండు పనులు చేశాడు. ముఖలింగం గుళ్ళలో రాళ్ళమీదున్న శాసనాలను ఎవరూ నేర్పకుండా తనకు తానే చదవడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత కొండల్లోని సవరలు మాట్లాడుకునే భాష మీద మనసు పడింది. ఆ భాషకు అప్పటికి పుస్తకాల్లేవు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు. సవరల ఊళ్ళకు తిరిగాడు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైను ఆయన వినికిడిని దెబ్బతీసింది. 1931లో ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం వెలువడింది, ఆ దశాబ్దంలోనే నిఘంటువులూ వచ్చాయి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. జనం నోట ఉన్న మాటకు అంత విలువివ్వడం ఆయనకు సవరల మధ్యే అలవాటైందనుకోవచ్చు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

మీరు నిఘంటువు రాయక్కర్లేదు. గిడుగు దగ్గర తీసుకోవాల్సింది ఆయన మొదలుపెట్టిన తీరు. పక్కనే ఉన్నదాన్ని తీసుకున్నాడు, తెలిసినవాణ్ణి అడిగాడు, విన్నది రాసుకున్నాడు, మళ్ళీ వెళ్ళాడు.

ముందు పటం మనసులో పెట్టుకోండి

పడమట మహేంద్రగిరి కొండలు, తూర్పున బంగాళాఖాతం. మధ్యలో సన్నటి నేల. ఆ నేల పొడవునా హౌరా–చెన్నై రైలుమార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి ఒకదానికొకటి తోడుగా పోతాయి. పలాస–కాశీబుగ్గ జంట పట్టణం ఈ దారి మీదే ఉంది. సముద్రం వైపు వజ్రపుకొత్తూరు నుంచి మందస, సోంపేట, కంచిలి, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల ఉద్దానం. దక్షిణాన టెక్కలి, సంతబొమ్మాళి వైపు ఉప్పుమడులు, తంపరలనే చిత్తడి నేలలు.

పలాస నుంచి ఉత్తరానికి వెళ్ళే ప్యాసింజరు ఎక్కితే మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లు వస్తాయి. దక్షిణానికి వెళ్తే పూండి, నౌపడ జంక్షన్, కోటబొమ్మాళి. నౌపడ దగ్గర ఒక లైను విడిపోయి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గునుపూర్ పోతుంది. అంటే టెక్కలిలో చదివే విద్యార్థి టిక్కెట్టు కొనుక్కుని గిడుగు పనిచేసిన ఊరికి నేరుగా వెళ్ళి రావచ్చు. ఈ శాఖ లైనుదీ ఒక చరిత్ర. పర్లాకిమిడి రాజావారి పూనికతో నౌపడ–పర్లాకిమిడి మధ్య 1900లో చిన్న రైలు మొదలైంది, 1931కల్లా గునుపూర్ చేరింది. బ్రాడ్‌గేజ్ కోసం 2004లో ఆపేసిన ఈ లైను మీద 2011కల్లా గునుపూర్ దాకా పెద్ద రైలు తిరిగింది.

స్టేషన్ పేరు, ఊరి పేరు ఒకటే అయినా రెంటికీ మధ్య దూరం ఉంటుందని గుర్తుంచుకోండి. మందస రోడ్డులో దిగితే మందస రాదు, ఆటో ఎక్కాలి. బారువ స్టేషన్‌కీ బారువ సముద్రానికీ మధ్యా అంతే.

మొదటి సూత్రం: పని జరిగే చోటికి వెళ్ళండి

కొత్త ఊళ్ళో అందరూ ముందు గుడికో బీచికో వెళ్తారు. మీరు ఆ ఊరు ఏ పనితో బతుకుతోందో అక్కడికి వెళ్ళండి. పలాసలో ఆ పని జీడిపప్పు. ఊళ్ళో ఎండకు ఆరబోసిన జీడిపిక్కలు, కాల్పు వాసన, సంచులు దించుతున్న లారీలు వెతక్కుండానే తగులుతాయి. ఒక జీడి పరిశ్రమ యజమానిని అనుమతి అడిగి గంటసేపు లోపల చూడగలిగితే ఈ ప్రాంతం సగం అర్థమైనట్టే.

అక్కడ ఏం చూడాలో చెప్తాను. పిక్కను కాల్చో, ఆవిరి పట్టో పెంకును పెళుసు చేస్తారు. తర్వాత కొడతారు, లేదా కట్టర్‌తో కోస్తారు. పెంకులో ఉండే జీడినూనె చర్మాన్ని కాల్చేంత ఘాటైనది, అందుకే పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే చాలు ఎన్నాళ్ళుగా ఈ పనిలో ఉన్నారో తెలుస్తుంది. లోపలి పప్పును ఆరబెట్టి, పైనున్న ఎర్రటి పొట్టు తీసి, గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు ఏరతారు. ఇక నంబర్లు. దుకాణంలో 180, 240, 320 అని రాసుంటుంది చూడండి, అది ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్క. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. వ్యాపారమంతా 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. ఒక బస్తా పిక్కల్లోంచి ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూగా పప్పు వస్తుంది.

ఈ లెక్క చేతిలో ఉంటే మీ ప్రశ్నలు మారిపోతాయి. ఉద్దానం రైతు బస్తాకు గిట్టుబాటు ధర కావాలని ఏటా ఎందుకు రోడ్డెక్కుతున్నాడు? పక్కనే తోటలుండగా ఆఫ్రికా నుంచి పిక్కలు ఎందుకు దిగుతున్నాయి? జీడిమామిడి పండు చెట్టు కిందే ఎందుకు కుళ్ళిపోతోంది? ఈ మూడూ ఎంబీఏ చదివేవాళ్ళు కేస్ స్టడీల్లో వెతుక్కునే ప్రశ్నలు. మీకు హాస్టల్ పక్కనే దొరుకుతున్నాయి.

మాట కలపడం రాక చాలామంది ఆగిపోతారు. ఇక్కడివాళ్ళు వరస కలుపుకుని మాట్లాడతారు. మీరూ వయసును బట్టి అప్పా (అంటే అక్కా), పిన్నీ, మావయ్యా, అన్నా అని పిలవండి. ‘మేడమ్, ఒక ఇంటర్వ్యూ’ అంటే చేతిలో పని ఆగిపోతుంది, ముఖం బిగుసుకుపోతుంది. ‘అప్పా, ఇది ఇరిగిపోతే రేటెంత తగ్గుద్ది?’ అని అడిగితే పని ఆపకుండానే జవాబొస్తుంది. పనివాళ్ళకు తెలిసిన సంగతి అడగాలి, అప్పుడే మాట సాగుతుంది. ‘మీ జీవితం ఎలా ఉంది?’ లాంటి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు, మీరైనా చెప్పలేరు. ఫొటో తీసేముందు అడగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టేయండి.

రెండో సూత్రం: నెల చూసుకుని బయల్దేరండి

‘వెళ్ళాం, ఏమీ లేదు’ అనేవాళ్ళలో ఎక్కువమంది తప్పు నెలలో వెళ్ళినవాళ్ళే. ఈ ప్రాంతం నెలనెలా మారుతుంది. ఏది ఎప్పుడుంటుందో గోడమీద క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.

జూన్‌లో వానలు మొదలైతే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి గ్రామానికి ఓపెన్‌బిల్ కొంగలు వచ్చి చెట్లమీద గూళ్ళు కడతాయి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. పొలాల్లోని నత్తలను పట్టి తినడానికి ఆ ముక్కు పనికొస్తుంది. రైతుకు అవి ఎందుకు ముద్దో అక్కడే తెలిసిపోతుంది.

వానాకాలం ముగిసే సమయానికి టెక్కలి మండలం తేలినీలాపురానికి పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు చేరతాయి. ఎండాకాలం మొదట్లో పిల్లలతో వెళ్ళిపోతాయి. నౌపడ తంపరల్లో చేపలు వాటి మేత. ఊరివాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, కొట్టనివ్వరు, కదపనివ్వరు. ఇక్కడ ఒక చిన్న పరీక్ష చేసుకోండి. అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు, పత్రికలూ అలాగే రాస్తాయి. పక్షుల పుస్తకం తెరిస్తే ఈ రెండు జాతులూ దక్షిణాసియాకు చెందినవనీ, నీళ్ళనూ మేతనూ బట్టి మన దేశంలోనే చోటు మారుతుంటాయనీ ఉంటుంది. ఊరివాళ్ళతో వాదానికి దిగకండి. ‘సైబీరియా’ అన్న మాట ఎలా పుట్టిందో, ఎందుకు నిలిచిందో ఆలోచించండి. అందరూ చెప్పే మాటను ఒకసారి సరిచూసుకునే అలవాటు మీ చదువుకే పనికొస్తుంది.

కార్తీకంలో టెక్కలి పక్కన రావివలస ఎండల మల్లికార్జునస్వామి దగ్గర జనం పోటెత్తుతారు. ఇక్కడి భారీ లింగానికి పైకప్పు లేదు. ఎండలో ఉండడమే స్వామికి ఇష్టమని నమ్మకం. మామూలు రోజు ఉదయాన వెళ్తే కొండరాయిని, ఆకాశాన్ని తీరిగ్గా చూడొచ్చు.

చలికాలం చివర నౌపడ వైపు ఉప్పుమడులు తెల్లబడతాయి. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కల కోత. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు ఆపుతారు. పడవలు ఒడ్డునే ఉండి, వలలు బాగుచేసుకునే మత్స్యకారులకు మాట్లాడే తీరిక ఉండే కాలం అది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. ఆ నెలల్లో వాతావరణ హెచ్చరిక చూడకుండా తీరం వైపు అడుగు వేయొద్దు.

మూడో సూత్రం: ఒకరోజుకు ఒక దారి

ఒకే ఆదివారం పది చోట్లు తిరిగొచ్చినవాళ్ళకి ఫొటోలే మిగులుతాయి. ఒక రోజుకు ఒక దారి చాలు. నాలుగు దారులు చెప్తాను.

మందస దారి: మందసలో వాసుదేవ పెరుమాళ్ ఆలయం ఉంది. కళింగ పద్ధతిలో కట్టిన పాత గుడి, చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో పునరుద్ధరించారు. గుడి చూశాక మందస కోవా తినండి. కోవా చేసేవాళ్ళను పాలు ఏ ఊళ్ళ నుంచి వస్తాయో, ఎన్ని లీటర్లకు ఎంత కోవా దిగుతుందో అడగండి. ఊరి వెనక నిలబడ్డ కొండ మహేంద్రగిరి, 1,501 మీటర్లు. శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. పాండవుల, కుంతి పేర్లతో రాతి గుళ్ళు, రాజేంద్ర చోళుని కాలపు శాసనం అక్కడున్నాయి. శివరాత్రికి రెండు రాష్ట్రాల వాళ్ళూ కొండెక్కుతారు. కొండ ఎక్కాలంటే దారి తెలిసినవాళ్ళతో, పొద్దున్నే బయల్దేరి, చీకటి పడకముందే దిగేలా వెళ్ళాలి.

బారువ దారి: మహేంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండ దగ్గర ఒక ఆదివారం, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇంకో ఆదివారం గడిపితే ఒక నదిని ఆ చివరా ఈ చివరా చూసినట్టవుతుంది. బారువ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది. స్వాతంత్ర్య సమరయోధుడు, రైతు నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న 1909లో పుట్టింది ఇక్కడే. చలికాలం చివర ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. రాత్రిపూట టార్చిలైట్లతో, ఫ్లాష్‌లతో వాటి దగ్గరికి వెళ్ళకూడదు. వెలుతురుకు బెదిరి గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోతాయి.

వజ్రపుకొత్తూరు దారి: అక్కుపల్లి దగ్గర శివసాగర్ బీచ్, దాని చుట్టూ జీడితోటలు. ఇదే మండలంలో నువ్వలరేవు మత్స్యకార గ్రామం. ఊళ్ళోనే సంబంధాలు కలుపుకుని, రెండు మూడేళ్ళకోసారి ఒకే ముహూర్తానికి పదుల కొద్దీ పెళ్ళిళ్ళు చేసే ఆచారం ఈ ఊరిది. సోషియాలజీ చదివేవాళ్ళకు పుస్తకంలో దొరకని పాఠం. కానీ అది వాళ్ళ ఇంటి శుభకార్యం. తెలిసినవాళ్ళు పిలిస్తే వెళ్ళండి.

టెక్కలి–భావనపాడు దారి: తేలినీలాపురం, నౌపడ ఉప్పుమడులు, భావనపాడు తీరం ఒక రోజులో పూర్తవుతాయి. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన ఓడరేవు పని చూస్తే ఈ తీరం ఎటు మారుతోందో కొంత అర్థమవుతుంది. ఓడరేవు వస్తే ఉప్పు ఏమవుతుంది, వల ఏమవుతుంది, మీ డిగ్రీకి ఇక్కడే పని దొరుకుతుందా అన్నవి వెంట తీసుకెళ్ళాల్సిన ప్రశ్నలు.

నాలుగో సూత్రం: నొప్పి ఉన్న చోట నెమ్మది

ఈ నేలలో చూసిపోయేవి మాత్రమే లేవు, తెలుసుకోవాల్సినవీ ఉన్నాయి. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైనవాడు రాహుల్ సాంకృత్యాయన్. ఆ తర్వాత కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో అడవి కలప మీద హక్కు కోసం నిలబడ్డ రైతుల మీద గుడారి రాజమణిపురంలో కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళలో గున్నమ్మ ఒకరు, వీర గున్నమ్మ అని ఇప్పటికీ తలుచుకుంటారు. పలాస మండలం బొడ్డపాడు పేరు శ్రీకాకుళం రైతాంగ పోరాట చరిత్రలో ఉంది, అక్కడ స్మారక స్తూపం కూడా ఉంది. సోంపేటలో బీల అనే తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద 2010 జులై 14న పోలీసు కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత ప్రాజెక్టు ఆగిపోయింది. ఇవాళ అక్కడ కనిపించే పచ్చటి తడినేల వెనక అంత కథ ఉంది. ఏ పక్షం సరైనదో తేల్చే పని పెట్టుకోకండి. ముందు అక్కడివాళ్ళు చెప్పేది చివరిదాకా వినండి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తరాలుగా పెంచిన కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్ళు పడుతుంది. ఉద్దానంలో ఒకే ఎత్తున లేత చెట్లు వరసగా కనపడితే అవి ఏ ఏడాది నాటినవో మీరే లెక్క కట్టొచ్చు.

ఇంకొకటి మూత్రపిండాల జబ్బు. ఉద్దానం ఊళ్ళలో ఇది దశాబ్దాలుగా ప్రాణాలు తీస్తోంది. కచ్చితమైన కారణాన్ని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. తాగే నీళ్ళ మీదా అనుమానం ఉండడంతో హిరమండలం నుంచి వంశధార నీళ్ళను తెచ్చే పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. దీని గురించి చదవండి. రోగుల ఇళ్ళకు ఫోన్ కెమెరాతో వెళ్ళకండి. ఒకసారి చెప్పిన బాధను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ మళ్ళీ మళ్ళీ చెప్పించడం మర్యాద కాదు. సాయం చేయాలనుంటే ఆరోగ్య శిబిరాలు పెట్టే మీ కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్‌తో కలిసి వెళ్ళండి. ఫార్మసీ, బయోటెక్నాలజీ, సివిల్ చదివేవాళ్ళు ప్రాజెక్టు అంశం కోసం నెట్‌లో తలబద్దలు కొట్టుకునే ముందు ఉద్దానం నీళ్ళ గురించి ఒకసారి ఆలోచించండి.

ఐదో సూత్రం: క్షేమంగా తిరిగి రావాలి

ఉద్దానం సముద్రం చూడ్డానికి మెత్తగా ఉంటుంది, లోపల లాగుతుంది. చాలా బీచ్‌లలో కాపలా ఉండదు. నది కలిసే మొగ దగ్గర ఇసుక ఒక్కపూటలో గుంతగా మారుతుంది. మోకాలు దాటి దిగకండి. ‘ఈత వచ్చు’ అనేవాడు చెరువులో నేర్చుకున్నవాడైతే సముద్రం దగ్గర వాడికీ ఈత రానట్టే లెక్క. దిగేముందు ఒడ్డునున్న మత్స్యకారుణ్ణి అడగండి, ఆయన వద్దంటే ఆ రోజుకి వద్దు.

పండగ రోజున గుడికి వెళ్ళే ముందు రెండుసార్లు ఆలోచించండి. 2025 నవంబరు 1న, ఏకాదశి నాడు, కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. ఇరుకు మెట్లు, ఒకటే దారి, వెనక నుంచి తోసుకొచ్చే జనం కనపడితే అక్కణ్ణించే దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరగండి.

చీకటి పడకముందే ఆఖరి బస్సు ఎన్నింటికో తెలుసుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో హాస్టల్లో ఒకరికి చెప్పి బయల్దేరండి. అమ్మాయిలు నలుగురైదుగురు కలిసి వెళ్ళడం మంచిది. నీళ్ళ సీసా, చిల్లర, టోపీ చాలు. తీరం ఊళ్ళలో ఫోన్ పే పనిచేయని చోట్లు ఇంకా ఉన్నాయి.

ఆరో సూత్రం: అదే రాత్రి ఒక పేజీ

చూసింది రాయకపోతే వారంలో పోతుంది. పెద్ద వ్యాసం అక్కర్లేదు. తారీఖు, చోటు, పట్టుకెళ్ళిన ప్రశ్న, దొరికిన జవాబు, కొత్తగా విన్న మాట, మిగిలిపోయిన అనుమానం. ఇంతే. ధరలు, కొలతలు, నెలలు తప్పనిసరిగా అంకెల్లో రాయండి. ‘చాలా జీడి ఉంది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ‘80 కిలోల బస్తా, ఫలానా నెలలో ఫలానా ధర’ అని రాస్తే అది వచ్చే ఏడు పోల్చుకోవడానికి పనికొచ్చే సమాచారం.

‘కొత్తగా విన్న మాట’ గడిని ఖాళీగా వదలకండి. పిక్క, గుండు, బద్ద, మొగ, తంపర, బీల. ఈ మాటలన్నీ ఇక్కడి పనిలోంచి, నేలలోంచి వచ్చినవి. గిడుగు కూడా మాటలు ఏరుకోవడంతోనే మొదలుపెట్టాడు.

రేపు ఇంటర్వ్యూలో ‘మీ కాలేజీ ఊరి గురించి చెప్పండి’ అని అడుగుతారు. చాలామంది కాలేజీ ర్యాంకు చెప్తారు. జీడిపప్పు నంబర్ల వెనక లెక్కను, దాని మీద రైతుకూ వ్యాపారికీ మధ్య ఉన్న గొడవను ఒక నిమిషంలో చెప్పగలిగినవాణ్ణి అవతలివాళ్ళు మర్చిపోరు. ఆ నిమిషం కోసం మాత్రమే తిరగాలని అనడం లేదు. అలా తిరిగినవాళ్ళకు అది అడక్కుండానే వస్తుంది.

అభ్యాసం: నాలుగు ఆదివారాలు

మొదటి ఆదివారం: పలాసలో లేదా మీ కాలేజీ ఊళ్ళో కాలినడకన తిరగండి. మీరెప్పుడూ వెళ్ళని వీధిలో జరుగుతున్న ఒక పనిని ఎంచుకోండి. ఆ పనిచేసేవాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి. మూడింటికీ అంకెల్లో జవాబు రావాలి.

రెండో ఆదివారం: పైన చెప్పిన నాలుగు దారుల్లో ఈ నెలకు సరిపడేదాన్ని ఎంచుకుని వెళ్ళండి. ఎందుకు ఈ నెలకు సరిపోతుందో బయల్దేరే ముందే రాసుకోండి. తిరిగొచ్చాక మీ ఊహ ఎంతవరకు నిజమైందో సరిచూడండి.

మూడో ఆదివారం: ఈ ప్రాంతం గురించి అందరూ చెప్పే ఒక మాటను తీసుకుని లైబ్రరీలో సరిచూడండి. పక్షుల మాట కావచ్చు, గుడి వయసు కావచ్చు, తోటల చరిత్ర కావచ్చు. మాట తప్పని తేలితే ఎవరినీ వెక్కిరించకుండా ఆ సంగతి ఎలా చెప్పాలో కూడా రాయండి.

నాలుగో ఆదివారం: సెలవులకు ఇంటికెళ్ళే వారానికి దీన్ని ఉంచుకోండి. మీ సొంతూళ్ళో పండే పంట ఏ నెలలో వస్తుందో, ఏ బస్తా లెక్కన, ఎవరికి అమ్ముతారో, దాని మీద బతికేవాళ్ళు ఎందరో ఎవర్నీ అడక్కుండా రాయండి. సగం గడులు ఖాళీగా మిగిలితే కంగారు పడకండి. అప్పుడు మీ నాన్ననో, అత్తనో, వీధి చివరి కొట్టు మావయ్యనో పలాసలో అడిగినంత మర్యాదగా అడిగి నింపండి.